కింద వీధి ముడి

మా అత్తయ్య సెతెఫీయ నారన్హో ఎవరి మాటా వినదు. నేను కోడలిగా వచ్చి ఇరవై ఆరేళ్ళయింది. ఇన్నేళ్ళలో నా మాట విన్నది ఒక్కసారి, అదీ వంటింట్లో గ్యాసు లీకవుతున్నప్పుడు. ఊరి పండగ సంచికలో ఆమె గురించి రాయమని నన్ను అడిగారు. మంచిగా రాయనా, ఉన్నదున్నట్టు రాయనా అని ఆమెనే అడిగాను. ఉన్నదున్నట్టు రాస్తే మంచిగానే ఉంటుందంది. అందుకని ఉన్నదున్నట్టే రాస్తున్నాను, తర్వాత నన్నని లాభం లేదు.

మాది గ్వాదల్‌కివీర్ ఒడ్డున, సెవీయాకి బస్సులో గంట దూరంలో ఉన్న ఊరు. పువ్వులు కుట్టిన పట్టు శాలువాలు బయటి నుంచి మా ఊరికి వస్తాయి, వాటి నాలుగంచులకూ కుచ్చులు వేసేది మా ఆడవాళ్ళు. శాలువా అంచుని చెక్క చట్రానికి బిగించి, గుమ్మంలో పొట్టి కుర్చీ వేసుకుని కూర్చుని, ఉత్త వేళ్ళతో ముడి మీద ముడి వేసుకుంటూ పోవాలి. పెద్ద శాలువాకి నెల పడుతుంది. అత్తయ్య ఏడో ఏట ఆ కుర్చీలో కూర్చుంది, డెబ్బై ఒకటో ఏట కళ్ళు మసకలు కమ్మాక లేచింది. మధ్యలో పెళ్ళి, ముగ్గురు పిల్లలు, నారింజ తోటల్లో పనిచేసిన మామయ్య చావు, అన్నీ ఆ కుర్చీ పక్క నుంచే నడిచి వెళ్ళాయి. మా ఆయన ఫెర్మీన్ పుట్టిన రోజు పొద్దున కూడా రెండు వరుసలు పూర్తి చేశాకే మంత్రసానిని పిలవనిచ్చిందట.

ఊరికి రెండు వీధులు. పై వీధి వాళ్ళం రోసారియో మాతని కొలుస్తాం, కింద వీధి వాళ్ళు సొలెదాద్ మాతని. రెండు వీధులకీ మధ్య పచ్చగడ్డి వేస్తే భగ్గుమంటుంది. పెళ్ళిళ్ళు చేసుకోం, ఒకరి రొట్టెల దుకాణానికి ఇంకొకరు వెళ్ళం. ముడి వేసే తీరు కూడా వేరే. మేం ఎడమ నుంచి మొదలుపెడతాం, మా ముడి ఎడమకి వాలుతుంది. వాళ్ళు కుడి నుంచి. మా ఊళ్ళో పుట్టిన ఆడపిల్లకి కళ్ళకి గంతలు కట్టి శాలువా చేతికిచ్చినా ఏ వీధిదో చెప్పేస్తుంది.

రెండు వీధులూ ఒప్పుకునే సంగతి ఒకటే ఉంది. చిక్కుపడ్డ కుచ్చు కనబడితే వదిలేసి పోకూడదు. జాతరలో ముక్కూ మొహం తెలియని మనిషి భుజం మీద శాలువా చిక్కుపడితే, మా ఊరి ఆడది వెనక నుంచి వెళ్ళి అడగకుండానే విప్పుతుంది. ఈ అలవాటు వల్ల సెవీయాలో మా వాళ్ళని దొంగలనుకుని పోలీసుల్ని పిలిచిన సందర్భాలు కూడా ఉన్నాయి.

ఇక కొన్సొలసియోన్ వేగ సంగతి చెప్పాలి. ఆమె కింద వీధి మనిషి, అత్తయ్య కన్నా మూడేళ్ళు పెద్ద. చిన్నప్పుడు ఆలివ్ నూనె మిల్లులో కుడి చూపుడు వేలి చివర పోగొట్టుకుంది. అయినా కుచ్చులేయడంలో అత్తయ్యకి సాటి వచ్చిన మనిషి ఆమె ఒక్కతే. ముప్పై ఒక్కేళ్ళ కిందట, అత్తయ్య రోసారియో మాతకి సమర్పించిన శాలువాని చూసి, ఆ కుచ్చులు నేల తుడిచే గుడ్డలా వేలాడుతున్నాయని అంగడి వీధిలో నలుగురి ముందూ అంది. ఆ రోజు నుంచి ఇద్దరికీ మాటల్లేవు. అత్తయ్య ఆమెని "ఆ కింద వీధిది" అంటుంది, ఆమె అత్తయ్యని "ఆ పై వీధిది" అంటుంది. పేర్లు పలకరు. కానీ ఆగస్టు ఊరేగింపులో కొన్సొలసియోన్ శాలువా చిక్కుపడిందంటే మాత్రం అత్తయ్య వెనకే నడుస్తూ విప్పేది, ఆవిడ వెనక్కి తిరగకుండా అడుగు నెమ్మది చేసేది. ఏళ్ళ తరబడి ఇదే తంతు, ఒక్క ముక్క మాట్లాడుకోకుండా.

అత్తయ్య జీవితంలో గొప్పగా చెప్పుకునే సంగతి ఒక్కటే. ఆమెకి పందొమ్మిదేళ్ళప్పుడు, పని పంచిపెట్టే దళారీ దోన్య ఉర్సులా ఒక నల్ల పట్టు శాలువా తెచ్చి, ఇది పారిస్‌లో పెద్ద ఫ్యాషన్ కంపెనీకి వెళ్తుంది, దీన్ని గౌనుగా కత్తిరిస్తారు, నీ ఒక్కదానికే ఇస్తున్నాను, ఎవరికీ చెప్పకు అందట. నలభై రోజులు ముడేసింది. శాలువా వెళ్ళిపోయింది. తర్వాత అదేమైందో తెలియదు. యాభై తొమ్మిదేళ్ళుగా ఆమె ఈ కథ చెబుతూనే ఉంది, మా వీధి నవ్వుతూనే ఉంది. పెళ్ళైన కొత్తలో నేనూ నవ్వాను, చాటుగా. ఆ తర్వాత విని విని నవ్వడం కూడా మానేశాను.

మొన్న ఏప్రిల్‌లో ఫెర్మీన్ పేపర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చాడు. సెవీయా మ్యూజియంలో ఎగ్జిబిషన్ పెట్టారు. స్పెయిన్‌ని చూసి మనసుపడి పరాయి దేశాల దొడ్డ దర్జీలు కుట్టిన ఖరీదైన గౌనులన్నీ ఒకచోట చేర్చారట. ఫొటోలో తల లేని బొమ్మకి నల్ల గౌను తొడిగి ఉంది, తుంటి దగ్గర నుంచి పాదాల దాకా నల్ల కుచ్చులు. అత్తయ్య భూతద్దం పెట్టి చూసింది. పువ్వుల వరుస చూసింది. కాగితం బల్ల మీద పెట్టి, "ఇదే. నేనొట్టి అబద్ధాలకోరుని కదా, రమ్మనండి నవ్వినవాళ్ళందర్నీ" అంది.

రమ్మన్నాం. పై వీధి మొత్తం కదిలింది. మా పెత్తనాల అంపారో, ఫెర్మీన్‌కి వరసకి మేనత్త, బస్సు మాట్లాడింది. ముప్పై నాలుగు మంది ఆడవాళ్ళం, బంగాళదుంపల ఆమ్లెట్లు, రొట్టెలు, రెండు డబ్బాల ఆలివ్‌లు. కింద వీధి వాళ్ళని పిలవలేదు. వాళ్ళకి వినబడేలా హారన్ కొట్టుకుంటూ ఆ వీధిలోంచే వెళ్ళాం.

మ్యూజియంలో మావాళ్ళ నోళ్ళు మూయడం ఎవరి తరం. ఎద్దుల పోటీ వీరుడి చొక్కాని చూసి ఆడవాళ్ళ కోటు కుట్టాడొక దర్జీ, దాని భుజాలు చూసి ఎద్దు భయపడదు, నవ్వుతుందంది అంపారో. చుక్కల గౌను ఒకటుంది, మెట్లు మెట్లుగా కుచ్చిళ్ళు. అది వేసుకుని ఎవరైనా కూర్చోగలరా అని అడిగితే, డబ్బున్నవాళ్ళు నిలబడే ఉంటారేమో అన్నారెవరో. ఫాదిరీల అంగీల్లాంటి గౌనులు, ముసుగు లేసులతో కుట్టిన పెళ్ళి బట్టలు. అన్నీ మావే, ఏవీ మావి కావు. నాకు ఒళ్ళు మండింది, ఎందుకో అప్పుడు తెలియలేదు.

చివరి గదిలో ఉంది నల్ల గౌను. అద్దం లేదు, ఎత్తైన అరుగు, చుట్టూ తాడు. బట్ట పాడవకుండా లైట్లు బాగా తగ్గించారు. నలుపు మీద నలుపు, అత్తయ్య కళ్ళకి కాదు కదా నా కళ్ళకే ముడులు ఆనలేదు. పక్కన కార్డు ఉంది. నేను పైకి చదివాను. దర్జీ పేరు, సంవత్సరం, పట్టు రకం, ఆ గౌను వేసుకున్న దొరసాని పేరు. చివర్లో, కుచ్చులు: పారిస్ కంపెనీ వారి సొంత కార్ఖానాలో చేతితో ముడివేసినవి.

అత్తయ్య మళ్ళీ చదవమంది. చదివాను. మొహం కందగడ్డ అయింది. అప్పుడే ఆమె చూపు గౌను ఎడమ తుంటి మీద పడింది. అక్కడ నాలుగు పోగులు మసక కళ్ళకి కూడా ఆనేంత ముద్దగా చిక్కుపడి ఉన్నాయి, బొమ్మకి తొడిగేటప్పుడు ఎవరో సరిగ్గా చూసుకోలేదు. చిక్కు చూసి వదిలేయడం మా ఊరి ఆడదానికి చేతకాదు. నేను పట్టుకునే లోపే ఆమె తాడు కింద నుంచి దూరి అరుగెక్కేసింది, డెబ్బై ఎనిమిదేళ్ళ మనిషి.

గంట మోగింది. గార్డు పరుగెత్తుకొచ్చింది. అత్తయ్య పోగు కొసలు పట్టుకోగానే ఆమె చేయి పట్టి వెనక్కి లాగేసింది. దిగమంటే దిగదు. చిక్కు విప్పకుండా ఎలా దిగుతానని ఆమె వాదన, ముట్టుకుంటే కేసు పెడతామని గార్డు. మా ముప్పై ముగ్గురం తాడు ఇవతల నిలబడి తలో మాటా అందుకున్నాం. ఈ గోలకి ఎగ్జిబిషన్ బాధ్యురాలే వచ్చింది. పేరు బెయాత్రిస్ ఓల్మెదో, నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తురాలు. కోప్పడలేదు. అత్తయ్యని అరుగు అంచున కూర్చోబెట్టి, కథంతా విన్నది.

"అమ్మా, మిమ్మల్ని నమ్మనని కాదు" అంది బెయాత్రిస్. "కార్డు మార్చాలంటే పారిస్ వాళ్ళకి నేను ఆధారం చూపించాలి. ఊరి ఆడవాళ్ళు ముడేశారని రాస్తే వాళ్ళు ఒప్పుకోరు. ఎవరు ముడేశారో ఆ మనిషి పేరు కావాలి, సంతకం కావాలి, అది తన పనేనని ఎలా గుర్తుపట్టిందో రాసివ్వాలి."

"పేరుంది. సంతకం నాలుగో క్లాసు దాకా నేర్చుకున్నాను. గుర్తుపట్టడానికి నన్ను ముట్టుకోనివ్వాలి."

బెయాత్రిస్ తెల్ల చేతితొడుగులు తెప్పించింది. తొడుగులేసుకుని ముడి చూడటమంటే మూత తీయకుండా కూర రుచి చూడటమేనని అత్తయ్య వాటిని తోసేసింది. చివరికి ఇద్దరూ రాజీ పడ్డారు. సబ్బుతో రెండుసార్లు చేతులు కడిగించి, తుడిపించి, పక్కనే నిలబడి, ఒక్క నిమిషం ముట్టుకోనిచ్చారు. ఈ లోపల కాగితం టైపు చేసి తెచ్చారు. సెతెఫీయ నారన్హో అనే నేను, అని మొదలైంది. మావాళ్ళు ఫోన్లు పైకెత్తి సిద్ధంగా ఉన్నారు.

అత్తయ్య కళ్ళు మూసుకుంది. కుడి తుంటి దగ్గర ఒక వరుస వేళ్ళ మధ్య నుంచి పోనిచ్చింది. ఆగింది. ఇంకో వరుస పట్టుకుంది. మళ్ళీ మొదటిదానికి వచ్చింది. నిమిషం దాటినా బెయాత్రిస్ ఆపలేదు. అత్తయ్య చేయి వెనక్కి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. నేను పెన్ను అందించాను.

"ఇది నాది కాదు" అంది.

అందరికీ వినబడింది. అంపారో తాడు మీదకి వంగింది. "ఒదినా, సరిగ్గా చూడు. కళ్ళు సరిగా లేవు నీకు."

"కళ్ళతో చూడలేదు. ముడి కుడికి వాలింది. పైగా ప్రతి ముడికీ ముందు ఒక మెలిక ఎక్కువుంది. చూపుడు వేలు లేనివాళ్ళు నడిమి వేలితో పోగు పట్టుకుంటే అలా పడుతుంది. ఇది ఆ కింద వీధిది వేసింది."

నాకైతే ఆమెని అక్కడే కుదిపేయాలనిపించింది. యాభై తొమ్మిదేళ్ళు వీధి నవ్వింది, ఇప్పుడు సంతకం దూరంలో ఉంది గెలుపు. చెవిలో చెప్పాను, పెట్టండి అత్తయ్యా, ఎవరికి తెలుస్తుంది, ఎలాగూ మీరూ ఒక నల్ల శాలువా వేశారు కదా అని. అన్నాను, దాచను. అంపారో అదే మాట పైకే అంది. కింద వీధికి ఈ పేరు పోతే వాళ్ళు బాణసంచా కాలుస్తారు, మనం తలుపులేసుకుని కూర్చోవాలి అంది.

"కాల్చుకోనీ" అంది అత్తయ్య. "పారిస్ వాళ్ళు కాజేస్తే దొంగతనం, నేను కాజేస్తే గెలుపా? నాకు పేరు కావాలి, దానిది కాదు, నాది." బెయాత్రిస్ వైపు తిరిగింది. "ఆ కాగితంలో నా పేరు కొట్టేయండి. కొన్సొలసియోన్ వేగ, కింద వీధి, అని రాయండి. సాక్షి సంతకం నేను పెడతాను."

నేను వచ్చిన ఈ ఇరవై ఆరేళ్ళలో ఆ పేరు ఆమె నోట నేను వినడం అదే మొదలు. ఆమె బతికే ఉన్నారా అని అడిగింది బెయాత్రిస్. చచ్చే రకం కాదంది అత్తయ్య. అయితే ఆమె స్వయంగా వచ్చి చూసి సంతకం పెట్టాలి, ఎగ్జిబిషన్ వచ్చే ఆదివారంతో అయిపోతుంది, ఆ తర్వాత గౌను పారిస్ వెళ్ళిపోతుంది అంది బెయాత్రిస్.

తిరుగు ప్రయాణంలో బస్సు చావింటిలా ఉంది. అత్తయ్య పక్క సీట్లో ఎవరూ కూర్చోలేదు, నేను కూడా ముందుకెళ్ళి కూర్చున్నాను. ఆమ్లెట్ డబ్బా ఆమె దాకా రాలేదు. లేచొచ్చి, అంపారో ఒళ్ళోంచి డబ్బా తీసుకుని, పెద్ద ముక్క కోసుకుని, తన సీట్లో కూర్చుని నిదానంగా తింది. ఊళ్ళో బస్సు దిగి ఇంటివైపు తిరగలేదు. కింద వీధివైపు నడిచింది. ఎంత ఒళ్ళు మండినా వెనకే వెళ్ళక తప్పలేదు నాకు.

కొన్సొలసియోన్ గుమ్మంలో కూర్చుని చిక్కుళ్ళు ఒలుస్తోంది. అత్తయ్యని చూసి లేవలేదు, చిక్కుళ్ళు ఆపలేదు. అత్తయ్య నిలబడే మొత్తం చెప్పింది, ఒక్క ముక్క తక్కువ చేయకుండా, తను ముందు తనదనుకున్న సంగతితో సహా.

"నాకు నీ దానం అక్కర్లేదు" అంది కొన్సొలసియోన్.

"దానమెవడిచ్చాడు? నీ పని నీదంటున్నాను. నా పనే అయ్యుంటే నీ గడప తొక్కేదాన్ని కాదు."

ఆవిడ చిక్కుడుకాయ గిన్నెలో పడేసి, "ఆ ముసల్ది ఉర్సులా నా ఒక్కదానికే ఇచ్చానంది. పై వీధికి తెలియనివ్వకంది" అంది.

అత్తయ్య గోడ పట్టుకుంది. దళారీ రెండు వీధులకీ ఒకే మాట చెప్పింది. ఒకే పువ్వుల వరుస ఉన్న రెండు నల్ల శాలువాలు, ఇద్దరు పడుచుపిల్లలు, నీ ఒక్కదానికే, ఎవరికీ చెప్పకు. ఇద్దరూ ఇన్నేళ్ళూ అదే కథ చెప్పుకున్నారు, ఈ వీధిలో ఈమెని చూసి నవ్వారు, ఆ వీధిలో ఆమెని చూసి నవ్వారు. ఒక్కసారి మాట్లాడుకుని ఉంటే చాలు. మేం వీధులు వేరు చేసుకుని కూర్చుంటే దళారీలకీ పారిస్ కంపెనీలకీ ఎంత సుఖమో అప్పుడర్థమైంది నాకు. మ్యూజియంలో ఒళ్ళెందుకు మండిందో కూడా.

"చిక్కుపడిందన్నావు. విప్పావా?" అడిగింది కొన్సొలసియోన్.

"విప్పనివ్వలేదు."

"అలాగే వదిలేసి వచ్చావా?" అంటూ లేచి, గిన్నె నా చేతిలో పెట్టి, కోటు వెతుక్కుంటూ లోపలికెళ్ళింది. ఇవాళ మ్యూజియం మూసేసి ఉంటుందని ఒప్పించడానికి నా తలప్రాణం తోకకొచ్చింది.

మర్నాడు ఫెర్మీన్ కారులో తీసుకెళ్ళాడు. పై వీధి తలుపులేసుకుంది, కింద వీధి కిటికీల్లోంచి చూసింది. ఇద్దరూ వెనక సీట్లో చెరో కిటికీకి అంటుకుని కూర్చున్నారు.

కొన్సొలసియోన్ చేతులు కడుక్కుంది, ముట్టుకుంది, ఒక్క వరుసతోనే తలూపింది. బెయాత్రిస్ కెమెరా పెట్టి ముడుల్ని దగ్గరగా ఫొటోలు తీయించింది, తెరమీద పెద్దగా చూస్తే ప్రతి ముడికీ ముందు ఆ మెలిక నాక్కూడా కనబడింది. అడిగి మరీ చిక్కు విప్పింది కొన్సొలసియోన్, రెండు నిమిషాలు పట్టలేదు. కాగితం మీద సంతకం పెట్టింది. కింద అత్తయ్య సాక్షి సంతకం పెట్టింది. అన్నీ ఇప్పుడే పారిస్‌కి పంపిస్తాను, కార్డు రేపటికి మారుతుంది, ఇంత స్పష్టమైన ఆధారం కాదనలేరంది బెయాత్రిస్.

అత్తయ్య కోటు బొత్తాలు పెట్టుకుంది. పనైపోయింది పదండంది. ఆమె మొహం చూడలేక నేను కార్డువైపు చూశాను. ఇన్నేళ్ళ కథ ఇక ఇంకొకరిది. ఆమె చేతిలో ఏమీ లేదు.

కొన్సొలసియోన్ కదల్లేదు. గదంతా తిరిగింది. కుచ్చులున్న ప్రతి గౌను దగ్గరా ఆగి, తాడుకి ఇవతల నుంచే మెడ సాచి చూసింది. వెనక్కొచ్చి, గోడ పక్క బల్ల మీద కూర్చుంది.

"రెండో నల్లది ఎక్కడ?" అని అడిగింది బెయాత్రిస్‌ని.

బెయాత్రిస్‌కి వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక, రెండోది ఉందనే ఇప్పటిదాకా ఎవరికీ తెలియదమ్మా, పారిస్ గోదాముల్లో వందల పెట్టెలుంటాయి, ఎవరైనా కొనుక్కుని ఉండొచ్చు, కాలిపోయి కూడా ఉండొచ్చు అంది. వెతకాలంటే నెలలు పడుతుందంది.

"అయితే ఇవాళే మొదలుపెట్టండి. ఫోన్ చేయండి" అంది కొన్సొలసియోన్. "మేమిక్కడే కూర్చుంటాం."

అత్తయ్య ఆమె వైపు చూసింది. కోటు బొత్తాలు మళ్ళీ విప్పుకుని, అదే బల్ల మీద, కాస్త ఎడంగా కూర్చుంది. బెయాత్రిస్ ఇద్దర్నీ మార్చి మార్చి చూసి జేబులోంచి పెన్ను తీసింది. ఎలా ఉంటుందో గుర్తులు చెప్పమంది.

"నల్ల పట్టు. ముడి ఎడమకి వాలుతుంది. గట్టిగా లాగి వేస్తుంది, గోరు దూరదు" అంది కొన్సొలసియోన్. "వేసిన మనిషి పేరు కూడా రాసుకోండి, ముందు పేరే రాసుకోండి. సెతెఫీయ. సెతెఫీయ నారన్హో, పై వీధి."